సంఘానికి మంచి పేరు: పోయేదెట్లా, నిలిచేదెట్లా

ప్రొద్దుటూరులో తెల్లవారుతూనే పాల పొట్లం కొనే ఇల్లాలికి మన గ్రామ సంఘం పేరు తెలియదు. ఆ పాలు ఏ ఊరివో, ఏ ఎనుము ఇచ్చిందో, ఏ కార్యదర్శి క్యాను మూత బిగించాడో ఆమెకు అక్కరలేదు. ఆమెకు తెలిసింది పొట్లం మీది పేరు ఒక్కటే. ఒకనాడు ఆ పాలు పొయ్యి మీద విరిగితే ఫలానా ఊరి పాలు విరిగినవని ఆమె అనదు. పొట్లం పేరు చెప్పి "ఆ పాలు వద్దులే" అంటుంది. పక్కింటామెతోనూ అదే మాట చెబుతుంది. ఒక ఊరిలో క్యాను సరిగా కడగకపోతే ఆ నష్టాన్ని వంద ఊళ్ళు పంచుకోవలసి వస్తుంది.

మన ప్రాంతంలో ఈ సంగతి మరీ ముఖ్యం. 1974లో ఆంధ్రప్రదేశ్ పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ ఏర్పడింది. 1981లో సహకార సమాఖ్య వచ్చింది. ఆ కాలంలోనే విజయ అన్న పేరు ఇంటింటికీ తెలిసింది. 1995లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చిన తరువాత కొన్ని జిల్లా యూనియన్లు ఆ చట్టం కిందికి మారాయి. 2014లో రాష్ట్రమే రెండయింది. కృష్ణా, నెల్లూరు, కర్నూలు యూనియన్లూ, అటు తెలంగాణ డెయిరీ కూడా విజయ పేరుతోనే పాలు అమ్ముతూ వచ్చాయి. ఆస్తులు వేరు, లెక్కలు వేరు, పాలకవర్గాలు వేరు, పేరు మాత్రం ఒకటి. అన్నదమ్ములు వేరుపడినా ఇంటిపేరు పంచుకోరు గదా, ఇదీ అట్లాంటిదే. ఒకరు చేసిన తప్పుకు ఇంకొకరు తల వంచుకోవాలి.

ఇంకొక చిక్కు కూడా ఉన్నది. సహకార డెయిరీని జనం ఇప్పటికీ "సర్కారు డెయిరీ" అనే అంటారు. ప్రైవేటు డెయిరీ పాలు చెడితే అది ఆ యజమాని తప్పు. మన పాలు చెడితే "సర్కారోళ్ళ పని ఇంతే" అన్న మాట వస్తుంది. తప్పు మన సంఘంతో ఆగదు, పాత కోపాలన్నీ దానికి తోడవుతాయి. 1991లో పాడి పరిశ్రమకు లైసెన్సు విధానం తొలగిన తరువాత ప్రైవేటు డెయిరీలు పల్లెలకు వచ్చాయి. ప్రకటనలకు వారు పెట్టగలిగిన డబ్బు మనం పెట్టలేము. 2020 డిసెంబరు 2న రాష్ట్ర ప్రభుత్వం కడప, చిత్తూరు, ప్రకాశం జిల్లాలలో పాల వెల్లువ పథకం ప్రారంభించి అమూల్ చేత పాలు కొనిపించినప్పుడు, ఒకే వీధిలో రెండు మూడు క్యాన్లు కనిపించిన ఊళ్ళు ఉన్నవి. ఏది మేలు అన్న చర్చ ఇక్కడ పెట్టను. రైతు తన పాలను ఎక్కడ పోయాలో రోజుకు రెండుసార్లు నిర్ణయించుకొంటాడన్నది మాత్రం మరువరాదు. ఎన్నికలలో ఓటు అయిదేండ్లకు ఒకసారి. పాల క్యాను ఓటు పూటకు ఒకసారి.

నా అనుభవంలోని ఒక సంఘం సంగతి చెబుతాను. ఊరి పేరు చెప్పను. జమ్మలమడుగు నుండి గండికోట వైపు పోయే సీమలోనిదే అనుకోండి. సుమారు పదేండ్ల కిందటి మాట. 142 మంది పాలు పోసేవారు. కార్యదర్శి చదువుకొన్న పిల్లవాడు, చేతివాటం లేనివాడు. పరీక్షకు ఎలక్ట్రానిక్ యంత్రం ఉండేది. ఒకనాడు కరెంటు హెచ్చుతగ్గులకు ఆ యంత్రం దెబ్బతిన్నది. ఆగిపోయి ఉంటే అందరికీ తెలిసేది. అది ఆగలేదు, నడుస్తూనే ఉన్నది గాని ప్రతి శాంపిలుకూ వెన్న 0.4 శాతం తక్కువ చూపడం మొదలుపెట్టింది.

మూడవ రోజుకే కార్యదర్శికి అనుమానం వచ్చింది. శీతలీకరణ కేంద్రం నుండి వచ్చిన చీటీలో సంఘం పాలకు వెన్న ఎక్కువ పడుతున్నది, ఇక్కడ సభ్యుల సగటు తక్కువ పడుతున్నది. తేడా ఎప్పుడూ కొంత ఉండేదే గనుక సర్దుకొంటుందిలే అనుకొన్నాడు. ఆరవ రోజుకు యంత్రమే తప్పని తెలిసిపోయింది. అప్పుడైనా చెప్పి ఉండవలసింది. చెబితే గలాటా అవుతుంది, మిషను బాగుచేయించి, మిగిలిన డబ్బు బోనసులో కలిపి ఇచ్చేస్తే ఎవరికీ నష్టం ఉండదు గదా అని ఆలోచించాడు. అధ్యక్షుడు కూడా సరే అన్నాడు. ఇద్దరిలో ఎవరికీ దొంగబుద్ధి లేదు. ఉన్నదల్లా మాట పడతామేమోనన్న భయం.

ఒక్క ఎనుము మీద సంసారం నడుపుకొనే ఒక అవ్వ ఆ సంఘంలో సభ్యురాలు. తొమ్మిదవ నాడు ఆమె బల్ల దగ్గర నిలబడి, "ఏమబ్బీ, నా ఎనుముకు మేత మారలా, ఈనిన దినాలు మారలా, వెన్న ఎట్ల తగ్గె?" అని అడిగింది. "మిషను చెప్పిందే రాస్తాండా అవ్వా" అన్నాడు కార్యదర్శి. ఆ సాయంత్రం ఆమె పాలను ఒక సీసాలో పోసి మనుమడి చేత పక్క ఊరి సంఘానికి పంపింది. అక్కడ 0.4 ఎక్కువ వచ్చింది. తెల్లవారేసరికి ఊరంతా ఒకటే మాట: "కార్యదర్శి వెన్న తింటాండాడు."

ఆ మాట అబద్ధం. నేను తనిఖీకి పోయి చూసినప్పుడు ప్రతి రూపాయీ సంఘం ఖాతాలోనే ఉన్నది. లెక్క వేసి చూడండి. సభ్యుడు సగటున పూటకు 4 లీటర్లు పోస్తే తొమ్మిది రోజులకు 72 లీటర్లు, అనగా సుమారు 74 కిలోల పాలు. అందులో 0.4 శాతం వెన్న దాదాపు 300 గ్రాములు. అప్పుడు అక్కడ కిలో వెన్నకు 550 రూపాయల ధర లెక్కన మనిషికి 160 రూపాయల చిల్లర. 142 మందికీ కలిపి ఇరవైమూడు వేల చిల్లర. ఈ మాత్రం డబ్బుకు మూడు వారాలలో పాలు పోసేవారు 142 నుండి 51కి పడిపోయారు. పాలకవర్గం సంఘం గోడ మీద ఒక నోటీసు అంటించింది, "మన సంఘంలో అన్ని పరీక్షలు సక్రమముగా జరుగుచున్నవి" అని. ఆ నోటీసు అంటించిన మరునాడే ఇంకొక పదిహేను మంది పోయారు. జనానికి తెలిసిన నిజాన్ని కాదనే కాగితం ఏ గోడ మీద ఉన్నా పేరును అది ఇంకొంచెం దించుతుంది.

ఇక్కడ నా తప్పు కూడా చెప్పాలి. అంతకు రెండు నెలల ముందు నేనే ఆ సంఘాన్ని తనిఖీ చేశాను. యంత్రాన్ని సరిచూసిన పుస్తకం నా ముందు పెట్టారు. పేజీ తిప్పి సంతకం పెట్టాను. తేదీలు చూడలేదు. తరువాత తెరిచి చూస్తే చివరి తేదీ ఏడు నెలల నాటిది. ఆ రోజు ఎండ మండుతున్నది, ఇంకా రెండు సంఘాలు చూడవలసి ఉన్నది. కారణాలు ఎన్నయినా చెప్పవచ్చు. నేను ఆ తేదీ చూసి ఉంటే ఆ సంఘం ఇంత దూరం వచ్చి ఉండేది కాదు.

గోడ మీది నోటీసు చించివేయించాము. రామాలయం ముందర సభ్యులందరినీ, పోయినవారిని కూడా, కూర్చోబెట్టి తొమ్మిది రోజుల లెక్కను పేరు పేరునా చదివాము. ఎవరికి ఎంత రావాలో అంతా అక్కడే ఇచ్చాము. ఏ రోజున తనకు తెలిసిందో, ఎందుకు చెప్పలేదో కార్యదర్శి తన నోటితో చెప్పాడు. నేను నా సంతకం సంగతి చెప్పాను. అడిగినవారి పాలకు అందరి ఎదుటా గెర్బర్ పరీక్ష చేసి చూపాము. నాలుగు నెలలకు 97 మంది తిరిగి వచ్చారు. మిగతావారు రానేలేదు. అవ్వ మాత్రం మూడవ రోజే వచ్చింది. "పక్కూరికి మోసకపోయేకి నా మోకాళ్ళు పడవు" అన్నది. మన నిజాయితీకి మెచ్చి వచ్చిందేమో అనుకొన్న మాకు అది మంచి పాఠం.

పరీక్ష గూర్చి సభ్యులకు తెలియకపోవడం వల్ల కూడా నిష్కారణంగా సంఘం పేరు చెడుతుంది. వెన్న తగ్గిన ప్రతిసారీ మోసం ఉండదు. పిండేటప్పుడు మొదటి ధారల పాలలో వెన్న తక్కువ, చివరి ధారలలో ఎక్కువ. చివరి పాలు దూడకు వదిలిన నాడు బల్ల మీద వెన్న తగ్గుతుంది. జొన్న చొప్ప, వరిగడ్డి వంటి ఎండుమేత తగ్గించి దాణా ఎక్కువ పెట్టినా తగ్గుతుంది. ఈనిన తొలి నెలలలో పాలు ఎక్కువ, వెన్న తక్కువ. బిందెలో పాలు కొంతసేపు నిలిస్తే వెన్న పైకి తేలుతుంది. బాగా కలపకుండా పైనుండి ముంచితే ఎక్కువ చూపుతుంది, అడుగునుండి తీస్తే తక్కువ. గెర్బర్ పరీక్షలో 10 మిల్లీలీటర్ల గంధకామ్లం, 10.75 మిల్లీలీటర్ల పాలు, 1 మిల్లీలీటరు అమైల్ ఆల్కహాలు పోస్తారు. ఆమ్లం ఘాటు తగ్గినా, నీళ్ళ వేడి 65 డిగ్రీలకు రాకపోయినా లెక్క తప్పుతుంది. యంత్రమైతే ప్రతి పూటా కడగకపోతే తప్పుతుంది. ఈ నాలుగు మాటలూ కార్యదర్శి బల్ల దగ్గరే సభ్యునికి ఓపికగా చెప్పగలగాలి. "మిషను చెప్పిందే రాస్తాండా" అన్నది జవాబు కాదు.

ప్రొద్దుటూరు బంగారం అంగళ్ళలో మన వాళ్ళందరూ ఎప్పుడో ఒకప్పుడు కూర్చున్నవారే. పాత నగ అమ్మబోతే గీటురాయి మీద గీసేది మన కళ్ళ ముందరే. లోపలి గదిలోకి తీసుకుపోయి గీసుకొని వస్తానంటే ఎవరైనా నగ చేతికిస్తారా? మన సంఘాలలో చాలా చోట్ల యంత్రం గోడవైపుకు తిరిగి ఉంటుంది, అంకె కార్యదర్శికి ఒక్కడికే కనిపిస్తుంది. దాన్ని ఇటు తిప్పడానికి ఖర్చేమీ లేదు.

దాచిపెట్టడం వల్ల ఎంత దూరం పోతుందో పెద్ద ఎత్తున చూడాలంటే చైనా దేశపు సాన్లూ డెయిరీ కథ తెలుసుకోవాలి. అక్కడ కొందరు పాలలో నీళ్ళు కలిపి, మాంసకృత్తుల పరీక్షలో పట్టుబడకుండా మెలమైన్ అనే రసాయనం కలిపారు. ఆ పరీక్ష నత్రజనిని కొలుస్తుంది, మెలమైన్‌లో నత్రజని ఎక్కువ. పరీక్షను మోసం చేయడానికి కలిపింది పసిపిల్లల మూత్రపిండాలను దెబ్బతీసింది. 2007 డిసెంబరు నాటికే కంపెనీకి ఫిర్యాదులు వచ్చాయి. పాలపొడి డబ్బాలను వెనక్కు పిలుస్తున్నామని బహిరంగంగా చెప్పింది 2008 సెప్టెంబరులో. దాదాపు మూడు లక్షల మంది పిల్లలు జబ్బుపడ్డారు, ఆరుగురు చనిపోయారు. ఆ సంవత్సరం ముగిసేలోగా సాన్లూ దివాలా తీసింది. తరువాత ఎన్నో ఏండ్లు చైనా తల్లులు తమ దేశపు పాలపొడిని నమ్మక విదేశపు డబ్బాలు కొన్నారు. తప్పు చేయని డెయిరీలు కూడా ఆ శిక్షలో భాగం పంచుకొన్నవి.

మన ఇంటి దగ్గరి సంగతి తిరుమల లడ్డూ నెయ్యిది. 2024 సెప్టెంబరులో ఆ నేతిలో జంతువుల కొవ్వు కలిసిందన్న ఆరోపణ రాష్ట్ర ముఖ్యమంత్రి నోట రావడంతో దేశమంతా మోగింది. ఆనంద్‌లోని జాతీయ పాడి అభివృద్ధి మండలి ప్రయోగశాల నివేదికను ఆధారంగా చూపారు. పశువుల మేతలో తేడాల వంటి కారణాల వల్ల కూడా ఇట్టి ఫలితం రావచ్చునన్న హెచ్చరిక ఆ నివేదికలోనే ఉన్నది. అక్టోబరు 4న సుప్రీంకోర్టు దర్యాప్తును అయిదుగురి ప్రత్యేక బృందానికి అప్పగించింది. ఎవరిది తప్పు అన్నది మన పాఠం కాదు. మనం చూడవలసింది వేరు. ప్రయోగశాల కాగితంలో "కావచ్చు" అని ఉన్నది వీధిలోకి వచ్చేసరికి "అయినది" గా మారింది. ఏ సంస్థ నేతికైనా ఇదే జరుగుతుంది. నేతిలో కల్తీని తేల్చే సొంత పరీక్షా సౌకర్యం దేవస్థానానికి అంతవరకు లేదని కార్యనిర్వహణాధికారి ఆ రోజులలోనే చెప్పారు. అంతటి సంస్థకు కూడా అనుమానం వచ్చిన నాడు చూపడానికి తన చేతి కాగితం లేకపోయింది. అప్పటికి తిరిగి నెయ్యి పంపుతున్న కర్ణాటక సహకార సమాఖ్య, నందిని వారు, ఏం చేశారో చూడండి. తిరుపతికి పోయే ట్యాంకర్లకు ఎలక్ట్రానిక్ తాళాలు, దారి తెలిపే జి.పి.ఎస్. పరికరాలు పెట్టారు. మేము మంచివారమని ప్రకటన ఇవ్వడం కన్నా ఈ తాళం ఎక్కువ మాట్లాడుతుంది.

ఇక సెల్‌ఫోనులో తిరిగే మాటల సంగతి. "దేశంలో పాలు నూటికి 68 కల్తీ" అన్న ముక్క ఇప్పటికీ ఏడాదికి ఒకసారైనా ఎవరో నాకు పంపుతారు. దాని మూలం 2011లో భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ చేసిన సర్వే. 1,791 శాంపిళ్ళలో 68.4 శాతం ప్రమాణానికి సరిపోలేదు. అయితే వాటిలో ఎక్కువ భాగం తప్పు వెన్న, ఎస్.ఎన్.ఎఫ్. తగ్గడం, పాలపొడి కలపడం. ఇవి తప్పులే గాని విషం కాదు. డిటర్జెంటు కనబడినవి 103. జనం విన్నది మాత్రం నూటికి 68 విషమని. అదే సంస్థ 2018లో 6,432 శాంపిళ్ళు పరీక్షించగా తినడానికి పనికిరాని కల్తీ ఉన్నవి 12 తేలినవి. ఆ 12లో 9 మన పొరుగు తెలంగాణవి. ఈ అంకెలు కార్యదర్శి దగ్గర రాసి ఉంటే, ఫోను పట్టుకొని వచ్చినవారికి కోపం లేకుండా చూపవచ్చు.

ఆ 2018 సర్వేలోనే మనకు తగిలే అంకె ఇంకొకటి ఉన్నది, దాన్ని ఎవరూ ఫోనులో పంపరు. 368 శాంపిళ్ళలో, అనగా నూటికి 5.7లో, అఫ్లాటాక్సిన్ ఎం1 హద్దు దాటింది. కిలో పాలకు అర మైక్రోగ్రాము దాని హద్దు. ఇది ఎవరూ కలిపేది కాదు. బూజు పట్టిన మేత నుండి, ముఖ్యంగా చెమ్మ తగిలిన శెనక్కాయ చెక్క నుండి, పశువు కడుపులోకి పోయి పాలలోకి దిగుతుంది. 1960లో ఇంగ్లాండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చచ్చినప్పుడు బ్రెజిల్ నుండి వచ్చిన శెనక్కాయ చెక్క వల్లనే అని తేలి, ఈ విషం లోకానికి తెలిసింది. పాలు కాచినా పోదు. బూజు చెక్క ఆపితే మూడు నాలుగు రోజులలో పాలలో తగ్గిపోతుంది. మన సీమలో శెనక్కాయ పండుతుంది, గానుగలున్నవి, చెక్క చవకగా దొరుకుతుంది. వానకు తడిసిన చెక్కను పారవేయడానికి ఎవరికీ మనసొప్పదు. మనుషులు తినరు గదా, ఎనుముకు పెడదాం అంటారు. ఎనుము తిన్నది మనిషి బిడ్డ తాగుతుంది. జనం భయపడేది సబ్బు పాలకు, భయపడవలసింది తడిసిన చెక్కకు. రేపు ఎవరో అధికారి శాంపిలు తీసి మన యూనియను పేరు పత్రికలో వేస్తే, "మేము ఏమీ కలపలేదు" అన్న మన జవాబు నిజమే అవుతుంది, పనికి మాత్రం రాదు. చెక్క బస్తాలను నేల మీద గాక చెక్క బల్లల మీద, గోడకు ఎడంగా పెట్టాలని సభ్యులకు చెప్పిన సంఘాలు ఎన్ని?

సంఘంలో చేయవలసినవి పెద్ద పనులేమీ కావు. వారానికి ఒకసారి యంత్రాన్ని గెర్బర్‌తో సరిచూసి తేదీ వేయాలి, ఇద్దరు సభ్యులు సంతకం పెట్టాలి. సభ్యుల సగటు వెన్న, శీతలీకరణ కేంద్రం ఇచ్చిన వెన్న, ఈ రెండు అంకెలూ ప్రతిదినం పలక మీద పక్కపక్కన రాయాలి. తేడా వచ్చిన నాడు ఆ పలకే ముందుగా చెబుతుంది, పక్క ఊరికి సీసా పంపవలసిన పని ఉండదు. వివాదం వచ్చిన శాంపిలును రెండు సీసాలలో పోసి, ఇద్దరి సంతకాల చీటీ అంటించి, ఒకటి చల్లటి పెట్టెలో ఉంచాలి. ఫిర్యాదుల పుస్తకం బీరువాలో గాక బల్ల మీద ఉండాలి. ఫిర్యాదే లేని పుస్తకాన్ని చూసి పాలకవర్గాలు సంతోషిస్తాయి. నాకైతే అట్టి పుస్తకం చూస్తే అనుమానం వస్తుంది. 1964 చట్టం 51వ సెక్షను కింద విచారణ, 52వ సెక్షను కింద తనిఖీ ఉండనే ఉన్నవి, కాని అవి మొదలయ్యేసరికి పాలు పోసేవారు సగం మంది ఇంకొక క్యాను దగ్గర నిలబడి ఉంటారు.

మాస సమావేశంలో చర్చించవలసిన ప్రశ్నలు:

మన యంత్రం తప్పు చూపుతున్నదని కార్యదర్శికి ఈ పూట తెలిస్తే, ఎంతసేపటిలో, ఎవరికి, ఎట్లా చెప్పాలి? దీనిపై తీర్మానం ఉన్నదా?

పోయిన సంవత్సరంలో పాలు మానివేసిన సభ్యులెందరు? వారిలో ఎందరి ఇంటికి పాలకవర్గ సభ్యుడొకరు పోయి కారణం అడిగారు?

పరీక్ష యంత్రాన్ని గెర్బర్‌తో చివరిసారి సరిచూసింది ఏ తేదీన? జ్ఞాపకం మీద చెప్పవద్దు, పుస్తకం తెప్పించి చూడండి.